లండన్ పుస్తకానికి రత్నమ్మ పసుపు

పుంగనూరు, 4-2-1978

నిజాముద్దీన్ సారుకు ప్రెస్సు మునికృష్ణ నమస్కారాలు. ఈడ మేమంతా బాగుండాము. ఆడ మీరూ, మైమూన్ బీ అమ్మా బాగుండారని తలుస్తాను.

మీ పుస్తకం అచ్చయిపోయింది సారూ! వందల ఏండ్ల కిందట పీరుసాయబనే గురువు పారసీలో రాసిన మాటల్ని ఇరవై ఏండ్లు కూర్చోని ఇంగ్లీషు చేస్తిరి. పెండ్లిపత్రికలు కొట్టుకునే నాకు దాన్ని అచ్చేసే భాగ్యం దక్కింది. లండన్ కంపెనీకి మచ్చు కాపీ ఈ పొద్దే పోస్టు చేసినా. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే గానీ, ప్రూఫులు చూస్తా ఉంటే కథ తెలిసిపోయింది. ప్రేయసి, విరహం, ఆఖర్న ఇద్దురూ కలిసిపోయేది. శుభమే కదా!

ఇట్లు, మీ మునికృష్ణ

తా.క.: శుభకార్యమని మచ్చు కాపీకి నాలుగు మూలలా పసుపు పెట్టినా. మా ఇంటామె రత్నమ్మ కొత్తగా దంచిన పసుపు. దానికి వేరే ఛార్జీ లేదు.


మదనపల్లె, 7-2-1978

మునికృష్ణప్పకు దువా.

నీ జాబు చదివినాక మైమూన్ నాకు సోడా తాగించింది. ఎంత పని చేస్తివప్పా! ఆ ప్రేయసి ఆడమనిషి కాదు, దేవుడు! సూఫీలు దేవుణ్ణే అట్లా పిలుస్తారు. మచ్చు నచ్చితేనే పుస్తకం తీసుకుంటామని లండన్ వాళ్లు ముందే చెప్పినారు. ఇప్పుడు వాళ్లేమనుకుంటారు? ఎవరో పప్పన్నం తింటా చదివినారనుకుంటారు! నా ఇరవై ఏండ్ల పని నీ పసుపులో కలిసిపాయె.

ఇట్లు, చానా కోపంగా, నిజాముద్దీన్

తా.క.: నిజం చెప్పు, అట్ట మీద అరటిచెట్ల బొమ్మ వేసినావా?


పుంగనూరు, 10-2-1978

సారూ, కాళ్లు పట్టుకుంటా, తప్పయిపోయింది. దేవుడని ముందే చెప్పుంటే కుంకుమ కూడా పెట్టుందును కదా!

మిగతా కాపీలకు పసుపు తగలనీను. రత్నమ్మను ప్రెస్సు గడప తొక్కొద్దని చెప్పినా. నిన్నట్నుంచి నాతో మాట్లాడదు.

ఇట్లు, మీ మునికృష్ణ

తా.క.: అరటిచెట్లు వేయలేదు సారూ. దండలు మార్చుకునే చేతుల బొమ్మ వేద్దామనుకున్నా. ఆ బొమ్మ అచ్చు బ్లాకు అరిగిపోయుంటే వదిలేసినా.


మదనపల్లె, 12-4-1978

మునికృష్ణప్పా, నా బంగారుకొండా!

లండన్ దొర జాబు వచ్చింది. 'మీ పుస్తకం తీసుకుంటాము' అని మొదటి పేజీలో చూస్తానే పోస్టాఫీసుకు పరిగెత్తి, అన్నీ పంపించమని నీకు టెలిగ్రాం ఇస్తిని. రెండో పేజీ ఇంటికొచ్చి చదివినా. పుస్తకం తెరవంగానే తూర్పుదేశపు రహస్యం వాసన కొట్టిందంట! ఆ పసుపు ఫకీర్ల ఆశీర్వాదమంట. ప్రతి కాపీకీ ఉండాలంట! నేను నిజం తర్వాత రాస్తాలే, ముందు నువ్వు పసుపు పెట్టి పంపు.

ఇట్లు, నీ నిజాముద్దీన్

తా.క.: రత్నమ్మను గడప తొక్కనీ.


పుంగనూరు, 15-4-1978

సారూ, కొంప మునిగింది. టెలిగ్రాం చూస్తానే కట్టలన్నీ కుప్పం తీసకపోయి ఓడరేవుకు రైలెక్కించేసినా. అన్నీ మల్లెపూలంత తెల్లగా ఉండాయి! ఇంటికొస్తే మీ జాబు.

అయినా దిగులు పడొద్దండి. దొరకు పసుపు పొట్లం వేరేగా పోస్టు చేసినా. లోపల చీటీ పెట్టినా: 'ఎవరి పసుపు వాళ్లే పెట్టుకోవలెను. ఇట్లు మునికృష్ణ, పుంగనూరు.' నిమ్మనపల్లె బడి అయ్యోరు ఇంగ్లీషులో రాసిచ్చినాడు.

ఇట్లు, భయంతో, మీ మునికృష్ణ

తా.క.: రత్నమ్మ మాట్లాడతాంది. మాట్లాడకుండా ఉంటేనే మేలు.


మదనపల్లె, 20-8-1978

మునికృష్ణప్పకు దువా.

కట్టలూ చేరినాయి, పొట్లమూ చేరింది. నీ చీటీ చదివి దొర మురిసిపోయినాడు. ఎవరి సాధన వాళ్లే చేసుకోవాల, ఇంకొకరు చేసిపెట్టేది కాదు, పుస్తకమంతా చెప్పింది ఇదే కదా అంటాడు. మళ్లా వేసే అచ్చుకు అట్ట మీద నీ మాటే వేస్తాడంట. నేను ఇరవై ఏండ్లు రాసింది లోపల, నువ్వు గీకిన చీటీ బయట! పోనీలే, పీరుసాయబు లండన్ అంగళ్లలో కూర్చున్నాడు, నాకదే చాలు. రంజాన్ పండక్కి రత్నమ్మను తోడుకోని రా. మైమూన్ సేమ్యా పాయసం చేస్తుంది.

ఇట్లు, కోపం పోయిన నిజాముద్దీన్

తా.క.: మునికృష్ణ పీరు ఏ శతాబ్దం వారు, సమాధి ఎక్కడ అని దొర అడిగినాడు. 'ఇంకా బతికే ఉండాడు, పుంగనూరు బస్టాండు పక్కన. పెండ్లిపత్రికలు కూడా కొడతాడు' అని నిజం రాసేసినా.