ఎండిన చిక్కుళ్ళు

సొలెన్‌కి,

కంటి ఆపరేషన్ బాగానే అయింది. చూపు వచ్చింది కాబట్టే, ఆసుపత్రి నుంచి రాగానే నా కూరతోటలో నువ్వు చేసిన నిర్వాకం స్పష్టంగా కనబడింది.

విత్తనానికని వదిలిన చిక్కుడు తీగలన్నీ పీకించేసి, వాటి చోట లావెండర్ పూలమొక్కలు నాటించావు. ఫోన్ చేస్తే ఏమన్నావు? "ఎండిపోయినవే కదా పిన్నీ! నా విడిదింట్లో అద్దెకి దిగే అతిథులు అసలైన ఫ్రెంచి పెరటితోట చూడాలంటారు. కాస్త అందంగా ఉండొద్దూ?"

ఎండితేనే కదే విత్తనమయ్యేది! మీ బాబాయి వాళ్ళమ్మ యుద్ధకాలంలో పిల్లల కడుపు నింపిన చిక్కుళ్ళవి. ఏ దుకాణంలోనూ దొరకవు. బాబాయి చనిపోయిన ఏడాది కూడా ఏడుస్తూనే వాటిని నాటాను. ఎరువుకుప్పలో వెతికితే కాయలన్నీ వానకి తడిసి బూజు పట్టి ఉన్నాయి. అక్కడే కూలబడి నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను.

నా అరుపులకి పక్కింటి ఫిర్మిన్ గోడ మీంచి తొంగిచూసి, "ఎవరికమ్మా ఆ శాపనార్థాలు?" అన్నాడు. సంగతి విని లోపలికి వెళ్ళి, నిరుడు సూపు కాచుకోమని నేనిచ్చిన గింజలు గుప్పెడు తెచ్చాడు. "బద్ధకించి వండలేదు. మా ఆవిడే బతికుంటే ఎప్పుడో తినేసేవాళ్ళం," అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ గింజలు పట్టుకుని ఏడ్చాను.

నీ లావెండర్ మొక్కల్ని నీ గేటు ముందే పడేయించాను. తోటకి తాళం వేశాను.

వసంతంలో ఈ గింజలు మొలిస్తే కబురు పెడతాను. అతిథుల్ని వెంటేసుకుని రాకు. పాత బట్టలు కట్టుకుని రా, కలుపు తీయాలి.

ఇంకా కోపంగానే ఉన్న
నీ పిన్ని