మూడు కిలోలూ ఒక దోసెడూ

మొండిఘటం అక్కకి,

క్షేమసమాచారాలు తర్వాత. ముందు కూర్చుని ఇది చదువు. మళ్ళీ నా కొంప ముంచావు.

నిన్న సరిహద్దు కస్టమ్స్ గోడౌన్‌లో నీ టీ పెట్టెలు విప్పారు. అక్కడి ఆఫీసర్ని నేను కళ్ళజోడు అంటాను, ముక్కు చివర అదొక్కటే కనబడుతుంది మరి. మూడేసి కిలోలని కాగితంలో రాసిన పాకెట్లలో మొదటిది కాటా మీద పెట్టాడు. మూడు కిలోల నూటపది గ్రాములు. రెండోది పెట్టాడు. మూడు కిలోల నూటపది. అలా ఇరవై తూచాడు, ఒక్కటైనా అటూ ఇటూ అయితే ఒట్టు! "కాగితం మీద ఒకటి, తూకంలో ఒకటి. ఏంటమ్మా ఇది?" అన్నాడు. పొరపాటండీ అన్నాను. "పొరపాటైతే ఒకటి ఎక్కువుంటుంది, ఒకటి తక్కువుంటుంది. ఇంత కచ్చితంగా పొరపాటు ఎవరు చేస్తారండీ?" అన్నాడు. మా అక్క తూచడం అయ్యాక దోసెడు కొసరు వేస్తుందండీ, ఆవిడ దోసెడు ఎప్పుడూ నూటపదే అని చెప్పాను. పెట్టెలు మోసేవాళ్ళు కూడా పగలబడి నవ్వారు.

నెత్తీ నోరూ కొట్టుకుని ఎన్నిసార్లు చెప్పాను నీకు? మూడు కిలోలు దాటని పాకెట్టుకి సుంకం ఒక రకం. దాటితే టోకు సరుకు కింద లెక్క, సుంకం రెట్టింపు. చిటికెడు దాటినా దాటినట్టే. తప్పు రాసినందుకు జరిమానా వేరే. ఇది రెండోసారి. మూడోసారి దొరికితే దిగుమతి లైసెన్సు రద్దు చేస్తామని రాసిచ్చారు. లైసెన్సు పోతే కొట్టు మూసుకోవాల్సిందే. ఆరేళ్ళ నా కష్టం అక్కా అది.

పోనీ వేరేవాళ్ళతో కట్టించమంటే వినవు. నీ టీ మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు, మహారాణివి!

ఇంకో మాట. ఇన్నేళ్ళూ నోరు విప్పలేదు. చిన్నప్పుడు నీ కంచంలోది తీసి నా కంచంలో వేసి, నాకు ఆకలి లేదే అనేదానివి. ఉండేదని నాకు తెలుసు. తెలిసీ తిన్నాను. ఇప్పుడు ఈ కొసరు కూడా అదేగా? నేనింకా ఎక్కడో తక్కువైపోతున్నానని నీ బెంగ. నాకు వద్దు. అడిగినంత పంపితే చాలు.

అందుకే తేల్చుకున్నాను. మిషన్లతో తూచి మూతవేసే ఫ్యాక్టరీ ఒకటి చూశాను. నువ్వు కట్టినవి ఇంకొక్క విడత తీసుకుని, ఆపైన వాళ్ళ దగ్గరే కొంటాను. తిట్టుకో, ఏడువు, నీ ఇష్టం.

నీ కందిరీగ


ఒసే కందిరీగా,

నేనేం ఏడవలేదు. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది.

నాలుగేళ్ళ కిందట నువ్వు రాసిన ఉత్తరం మా షెడ్డు గోడకి మేకుకి గుచ్చి ఉంది. "ఒక పాకెట్టు ముప్పై గ్రాములు తగ్గింది. కొన్నాయన కొట్లో అందరి ముందూ తూచి చూపించాడు. దొంగలా నిలబడ్డాను. ఇంకోసారి తగ్గితే నీ మొహం చూడను." ఎవరి మాటలివి? ఆ రోజు నుంచే వేస్తున్నాను దోసెడు. తగ్గితే నువ్వు తిడతావు, పెరిగితే వాళ్ళు తిడతారు. వాళ్ళెవరో నేనెరగను. నీ తిట్ల కంటే వాళ్ళ తిట్లే నయమనుకున్నాను.

అయినా ఇంత తెలివైనదానివి, సరిగ్గా వెళ్ళి ఆ గీత మీదే నిలబడ్డావేమే? మూడు కిలోల పాకెట్టే కావాలని ఎవరేడ్చారు? రెండున్నర కిలోల పాకెట్లు అడుగు. నా దోసెడు కూడా కలిపి కాగితం మీద రాసిపారెయ్యి. దీనికి ఫ్యాక్టరీ దాకా ఎందుకు?

కంచం సంగతంటావా, ఆకలి ఉండేది. నువ్వు తింటుంటే చూడాలని కూడా ఉండేది. దానికి ఇప్పుడు నన్ను కోప్పడకు.

నేను బండరాయిలా ఉన్నాను. నా గురించి బెంగ అక్కర్లేదు.

అక్క


అక్కా,

ఫ్యాక్టరీ వాళ్ళకి వద్దని చెప్పేశాను. ఆ రెండున్నర ఆలోచన నాకు తట్టనందుకు మూడు రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను, అది వేరే సంగతి. నువ్వన్నట్టే రెండు కిలోల ఆరువందల పది అని రాసిచ్చాను.

ఇవాళ పొద్దున పెట్టెలు విప్పారు. మొదటి పాకెట్టు రెండు కిలోల ఆరువందల పది. రెండోదీ అంతే. పదకొండు పాకెట్లు వరసగా అంతే! "మీ అక్కగారి చేతులతో మా కాటా సరిచూసుకోవాలండీ," అన్నాడు కళ్ళజోడు. నేను పొంగిపోయాను. పన్నెండోది పెట్టాడు. రెండు కిలోల ఐదువందల నలభై. పదమూడోదీ ఐదువందల నలభై. ఇక చివరిదాకా అదే. "తక్కువైతే మాకు పేచీ లేదు లెండి. కట్టే మనిషి మారినట్టున్నారు," అని ముద్ర కొట్టి ఇచ్చేశాడు.

లైసెన్సు నిలబడింది. కొట్టు నిలబడింది. నేను మాత్రం ఆ కాటా ముందు నుంచి కదల్లేకపోయాను. మనిషి మారలేదు. నువ్వు మారనివ్వవు. నీ రెండు చేతుల దోసెడు నూటపది. నలభై అంటే ఒంటిచేతి గుప్పెడు.

రెండో చేతికి ఏమైందక్కా? పడ్డావా? కాలిందా? వేళ్ళు ముడవడం లేదా? బండరాయిలా ఉన్నానని రాశావే! కాగితం మీద ఒకటి, తూకంలో ఒకటి. నీకేం జరిమానా వెయ్యాలి? నాకెంత కోపంగా ఉందో తెలుసా? ఒంటిచేత్తో అన్ని పాకెట్లు కట్టావు, అందులోనూ కొసరు మానలేదు!

కొట్టుకి తాళం వేశాను. రేపటి బస్సుకి సరిహద్దు దాటి వస్తున్నాను, ఈ ఉత్తరం మాత్రం ఇవాళే నీ వైపు వెళ్ళే లారీ డ్రైవరు చేతికిస్తున్నాను. ఈలోపు డాక్టరు దగ్గరికి వెళ్ళు. వెళ్ళవు, తెలుసు, నేనే ఈడ్చుకెళ్తాను. నేనొచ్చేదాకా ఒక్క పాకెట్టు కూడా ముట్టుకోకు. వచ్చాక నువ్వు కూర్చుని తూకం చూడు, కొసరు నేను వేస్తాను. నా దోసెడు ఎంతో ఇంతవరకూ ఎప్పుడూ తూచి చూడలేదు.

నీ కందిరీగ