తోటకూర పారబోసేశాను

అమ్మా యామినీ, అల్లుడుగారు, నువ్వు క్షేమమని తలుస్తాను.

కళ్లు తిరుగుతుంటే పలాస వెళ్లి రక్తం చూపించుకున్నాను. నా కిడ్నీలు బాగున్నాయట, భయపడకు. ఎంసీహెచ్ అనేదేదో తక్కువట, అంటే రక్తకణాల్లో ఎరుపు చాలడం లేదట, ఒంట్లో ఇనుము తగ్గి ఉంటుందట. "ఆకుకూరలు తినడం నేదేటమ్మా?" అని డాక్టరమ్మ కేకలేసింది.

మీ అన్న కిడ్నీ జబ్బుకి కూడదని ఇంట్లో అందరం ఆకుకూర మానేశాం కదా. నిన్న డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర వేసుకుని తోటకూర తరిగాను. వాడికి పడదని మొత్తం పారబోసేశాను. "ఎవులికి పడదే ఇప్పుడు?" అన్నారు మీ నాన్న.

పాపకి దగ్గు తగ్గిందా? అందరికీ దీవెనలు. నువ్వొచ్చి ఒక్కపూట ఆకుకూర వండిపెట్టు తల్లీ. వాడు పోయాడని నా చేతులకి ఇంకా తెలియలేదు.

మీ అమ్మ, కృష్ణవేణి