పద్దెనిమిది మెషీన్లు, ఒక కొత్త పది

1వ తేదీ, మంగళవారం. ఉదయం 6:00
నిర్ణయం తీసుకున్నాను! పద్దెనిమిదిన కొత్త పది రూపాయల నాణెం విడుదల. పాతదానికన్నా పల్చన, అంచున పన్నెండు పలకలు. నా కాఫీ మెషీన్లు ఊరంతా కలిపి పద్దెనిమిది. ఒక్కటీ ఈ కొత్త పది మొహం ఎరగదు. రోజుకు ఒకదానికి నేర్పితే విడుదలకు అన్నీ సిద్ధం. చివరి నిమిషంలో పరుగులు ఈసారి లేవు. అస్సలు లేవు!

నియమాలు:
రోజూ ఆరింటికల్లా బయల్దేరాలి.
మెషీన్‌ని తన్నకూడదు.
తోడల్లుడి ఊసెత్తకూడదు.

మా ఆవిడకి చదివి వినిపించాను. "పోయినసారి వాకింగన్నారు. బూట్లు ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి," అంది.

7:15. ఆసుపత్రితో మొదలు. ఆరు మెషీన్లు అక్కడే ఉన్నాయి, నా బతుకులో సగం అక్కడే ఉంది. మేనేజరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది: "పద్దెనిమిదిన పొద్దున్నే నేనే ఆరింటిలోనూ కొత్త పది వేసి చూస్తా. ఒక్కటి కక్కినా ఆరూ ఎత్తుకెళ్ళాలి. ఫోన్‌తో డబ్బు కట్టే మెషీన్లు పెడతానని మీ తోడల్లుడుగారు రోజూ తిరుగుతున్నారు." మూడో నియమం తప్పింది ఆవిడ, నేను కాదు.

సాయంత్రం. రెండు పూర్తి! పని చాలా తేలిక. నాణేల ఆఫీసువాళ్ళు సంతకం తీసుకుని పది నమూనాలు ఇచ్చారు. తలుపు తెరిచి ఎర్ర బటన్ నొక్కాలి. పదీ ఒక్కొక్కటే వెయ్యాలి. మెషీన్ బరువూ మందమూ చూసుకుని 'సరే, ఇదీ పదే' అని ఒప్పుకుంటుంది. మళ్ళీ ఎర్ర బటన్ నొక్కితే పాఠం అయిపోయినట్టు. పిల్లాడికి అ ఆలు దిద్దించినంత తృప్తి!

2వ తేదీ
మరో రెండు! టిఫిన్ కూడా తినలేదు. నా మీద నాకే ముచ్చటేసింది.

3వ తేదీ
మరో రెండు! ఆసుపత్రి ఆరూ పూర్తి! ఆఖరిది ఓపీ వరండాలో. రోగులకు వరస నంబర్లు కొట్టిన ఇత్తడి బిళ్ళలు పంచే అక్క నాకు స్టూలు వేసింది. ఆవిణ్ణి అందరూ బిళ్ళలక్క అంటారు. పదో నమూనా వేశానో లేదో, వెనకనుంచి మేనేజరమ్మ: "ఇంకా ఎంతసేపండీ? జనానికి అడ్డం!" హడలిపోయి నమూనాలు జేబులో వేసుకుని, తలుపు మూసి తాళం వేసి వచ్చేశాను.

4వ తేదీ
మూడు రోజులకు ఆరు. అనుకున్నదానికి రెట్టింపు. ఇవాళ విశ్రాంతి, న్యాయంగా సంపాదించుకున్నదే.

5వ తేదీ
మిగతా పన్నెండు మెషీన్లకు చార్టు గీశాను. నాలుగు రంగులు. మా ఆవిడ చూసి, "ఆకుపచ్చ దేనికి?" అంది. అయిపోయినవాటికి. "ఎక్కడా కనపడదేం?" అంది. చార్టు మీద ఇప్పుడే కదా గీసింది!

7వ తేదీ
గొంతులో గరగర. మెషీన్లకు అంటుకుంటే కష్టం.

9వ తేదీ, ఉదయం 10:00
ఓపీ మెషీన్‌లో కాఫీ పొడి వారంలో మూడోసారి అయిపోయింది! అంత గిరాకీ నా జన్మలో చూడలేదు. ఆనందంగా వెళ్ళి డబ్బుల పెట్టె తెరిచాను.

ముప్ఫై ఒక్క ఇత్తడి బిళ్ళలు.

10:05. ఎర్ర బటన్! రెండోసారి నొక్కలేదు! పాఠం ఆపకపోతే ఆ తరవాత ఏది పడినా అదీ పది నాణెమే అనుకుంటుంది మొద్దు. ఎవరో పరధ్యానంలో బిళ్ళ వేసుంటారు. పక్కవాళ్ళు చూసి వేసుంటారు. ఇప్పుడది బిళ్ళ వేస్తే కాఫీ ఇస్తోంది. ఇరవై నోటు పెడితే కాఫీతోపాటు పది చిల్లర బదులు బిళ్ళ ఇస్తోంది!

10:30. వరండాలో నుంచుని చూశాను. నలభయ్యో నంబరు వచ్చినవాళ్ళు బిళ్ళ మెషీన్‌లో వేసి, కాఫీ తాగి ఇంటికి పోతున్నారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఇరవై పెట్టి చిన్న నంబరు కోసం చూస్తున్నారు. పెద్దది వస్తే ఇంకో కాఫీ. మూడు కాఫీలు తాగి రెండో నంబరు సంపాదించినాయన బీపీ చూసి డాక్టరు కంగారుపడ్డాడట. మరదల్ని చూడ్డానికి వచ్చిన పెద్దమనిషికి చిల్లరలో నాలుగో నంబరు వచ్చింది, లోపలికి పిలిచారు, కాదనలేక వెళ్ళాడు. మొహమాటానికి కాలికి కట్టు కట్టించుకుని బయటికొచ్చాడు.

11:00. ఎవరూ చూడకుండా ముప్ఫై ఒక్కటీ బిళ్ళలక్క సొరుగులో పడేశాను. బిళ్ళల్ని మరిపించాలంటే మెషీన్ బుర్ర మొత్తం తుడిచి, పాత నాణేలతో సహా అన్నీ మొదటినుంచి నేర్పాలి. ఒక పూట పని. రేపు.

10వ తేదీ
ఇవాళ ఓపీ రద్దీ. రేపు.

11వ తేదీ
నిజం రాసుకుంటాను, డైరీయే కదా. అమ్మకాలు మూడింతలు. రేపు తప్పకుండా.

12వ తేదీ
మధ్యాహ్నం బిళ్ళలు తీసుకెళ్ళి సొరుగులో పడేస్తూ దొరికిపోయేవాణ్ణే. బిళ్ళలక్క లెక్కపెట్టింది, మళ్ళీ లెక్కపెట్టింది, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టింది. "పొద్దున తక్కువుంటాయి తమ్ముడూ, మధ్యాహ్నానికి సరిపోతాయి. నాకేదో అయింది," అంది. రేపు. ఒట్టు.

14వ తేదీ
మేనేజరమ్మ నలుగురిలో బిళ్ళలక్కని కడిగేసింది. చిన్న నంబర్లు దొంగచాటుగా అమ్ముకుంటోందని ఎవరో చెప్పారట. ఇంకొక్కసారి రుజువైతే ఇంటికే అంది. అక్క రిటైరవడానికి నాలుగు నెలలుంది. నేను స్తంభం వెనక నుంచుని కాఫీ కప్పులు సర్దాను. సిగ్గు లేదు నాకు.
ఓపీ మెషీన్‌ని ఒక్క తన్ను తన్నాను. రెండో నియమమూ పాయె.

17వ తేదీ
నమూనాలు ఆఫీసుకు తిరిగిచ్చేసే ఆఖరి రోజు. ఇచ్చేశాను. ఆసుపత్రి ఆరు తప్ప ఇంకొక్క మెషీన్‌కీ నేర్పలేదు. చార్టులో ఆకుపచ్చ లేదు. మా ఆవిడ ఆకుపచ్చ పెన్ను తీసి బీరువాలో పెట్టేసింది. అదే భయంగా ఉంది.

18వ తేదీ, ఉదయం 8:00
మేనేజరమ్మ ఆరు తళతళలాడే పదులతో వచ్చింది. ఒకటో మెషీన్: మింగింది! రెండు, మూడు, నాలుగు, ఐదు! ఓపీ వరండాలో ఆరోది కూడా! "పర్లేదే, మీరూ పనిమంతులే," అంది. గెలిచాను!

8:10. "చిల్లర కూడా చూద్దాం," అని ఇరవై నోటు పెట్టింది. కాఫీ వచ్చింది. టంగుమని ఏడో నంబరు బిళ్ళ వచ్చింది. లోపలినుంచి కేక: "ఏడో నంబరూ!"

ఆవిడ నావైపు చూడలేదు. బిళ్ళలక్క వైపు తిరిగింది. "నంబర్లు ఈ మెషీన్‌లో వేసి, కాఫీతో కలిపి అమ్ముతున్నావన్నమాట. సంచీ అక్కడ పెట్టి ఇంటికెళ్ళు!"

అక్క బిళ్ళల సంచీ మూతి ముడేస్తోంది. నేను ఊరుకుంటే చాలు, ఆరు మెషీన్లూ నావే. ఆ ముడి పడేదాకా ఊరుకున్నాను. అది కూడా రాసుకోవాలి.

"అక్క తప్పు కాదమ్మా. ఆ మెషీన్‌కి బిళ్ళలు నేర్పింది నేను. బటన్ నొక్కడం మర్చిపోయా. తొమ్మిది రోజుల్నుంచి నాకు తెలుసు."

8:30. అక్కని ఉండమంది. నన్ను ఆరూ ఎత్తుకెళ్ళమంది. రోగులు అడ్డం పడ్డారు. "ఇది పోతే మాకు నంబర్లెవరిస్తారు?" కాలికి కట్టున్నాయన నా వ్యాన్ ముందు పడుకున్నాడు. కట్టు విప్పించుకోడానికి వచ్చాడట, మళ్ళీ నంబరు కావాలి.

19వ తేదీ, శనివారం
ఆసుపత్రి ఆరూ ఇంటికి చేరాయి. ఊరంతా మిగిలిన పన్నెండు మెషీన్లూ కొత్త పదుల్ని కక్కుతున్నాయి. ఫోన్ మోగుతూనే ఉంది. ఒకటి తోడల్లుడిది: "అన్నయ్యా, ఆసుపత్రిలో మెషీన్లు పెట్టాను. బిళ్ళ వేసే కన్నం ఏదీ అని జనం నన్ను తిడుతున్నారు!" నవ్వొచ్చింది, కానీ ఎక్కువసేపు కాదు.

సాయంత్రం 4:00. బిళ్ళలక్క ఇంటికొచ్చింది. గుమ్మంలోనే దులిపేసింది: "మతిపోయిందనుకున్నా కదయ్యా! నాకు నేనే బిళ్ళ ఇచ్చుకుని, వరసలో కూర్చుని, డాక్టరుకి చూపించుకున్నా. మందులు కూడా రాశాడు!" తిట్టడం అయ్యాక కొంగుముడి విప్పింది. పది కొత్త పదులు. పొద్దున్నే బ్యాంకు ముందు నుంచుని తెచ్చిందట. "నమూనాలు ఇచ్చేశావుగా, మిగతావాటికి ఏం చూపిస్తావు? నీ మీద కోపం అలాగే ఉంది. ఇవి మాత్రం తీసుకో," అంది. ఏడుపొచ్చింది. ఏడ్చేశాను.

20వ తేదీ, ఆదివారం. ఉదయం 6:00
నిర్ణయం తీసుకున్నాను! పన్నెండు మెషీన్లు, పన్నెండు రోజులు. రోజుకు ఒకటి.

6:05. మా ఆవిడ భుజం మీదనుంచి చదివి, పెన్ను లాక్కుని, 'పన్నెండు రోజులు' కొట్టేసి 'ఇవాళే' అని రాసింది.

6:10. వ్యాన్‌లో కూర్చుని హారన్ కొడుతోంది. వెనక సీట్లో బిళ్ళలక్క ఉంది, సెలవు రోజు కదా అని వచ్చింది. ఎర్ర బటన్లు నన్ను ముట్టుకోనివ్వదట.