చేప పొలుసులు పట్టిన గ్లవుజులు

బెన్‌హర్,

నీ ఎరుపు తెలుపు గ్లవుజులు బకెట్‌లో పడేసేను. ఉప్పు, నిమ్మకాయ వేసి చన్నీళ్ళతోనే ఉతుకు. వేన్నీళ్ళు పోస్తే ఉన్ని ముడుచుకుపోతుంది.

ఛీ! వేళ్ళు బయటే ఉన్నాయి కదా అని వాటితోనే చేపలు తోముతావేటిరా? తెల్ల ఉన్ని నిండా పొలుసులే. ఒకటే కంపు. పొద్దున్నే మంచులో రోలుగుంట వెళ్తావని, బండి బ్రేకు పట్టుకోడానికి వేళ్ళు వదిలి అల్లేను. చేప తోక పట్టుకోడానికి కాదు. జన్మలో నీకింకేదీ అల్లను.

కోటపాడు బస్సుకి వెళ్ళిపోతన్నాను.

ఫెబా అక్క

అమ్మ ఇప్పుడే చెప్పింది: "నిన్న నీకు జొరం కదా, సన్నీళ్ళలో సెయ్యెట్టకూడదని నీ బదులు ఆడే సేపలు తోమేడే." ఒకటి నేను ఉతికి ఆరేసేను. రెండోది నువ్వే ఉతుక్కో, కంపు వెధవా.