వెనకగది గులాబీలు

సోమవారం

పూలదుకాణం యజమానికి,

మీ చల్లగది మోటారు పాడైందని, వీధిలో అన్నిటికన్నా చల్లనిది మా వెనకగదేనని బతిమాలితే, నా మనవరాలి పెళ్ళిపూలే కదా అని ఒప్పుకున్నాను. మీ డ్రైవరు బకెట్లు దించి వెళ్ళాక చూశాను. విచ్చిన పువ్వు ఒక్కటీ లేదు. అన్నీ బిగించిన పిడికిళ్ళే. కింది ఆకులు దూసేశారు. కాడలన్నీ ఏటవాలుగా కోశారు. తిన్నగా కోసే కత్తెర మీ దగ్గర లేదా? తలలకు కాగితాలు చుట్టారు, జలుబు చేసిందా?

పెళ్ళి గురువారం. ఆ పిల్లను పెంచింది నేను. ఇన్నేళ్ళలో నోరు తెరిచి ఏదీ అడగలేదు. ఈ పెళ్ళికీ అన్నీ "నీ ఇష్టం అమ్మమ్మా" అంది. తను నడిచి వచ్చేటప్పుడు తెల్లగులాబీలు అప్పుడే విచ్చుకుని ఉండాలని మాత్రం అడిగింది. ఉంటాయని మాటిచ్చాను. మాట నాది, పూలు మీవి. జవాబు రాసి పంపండి. ఫోనులో చెప్పినవి ఎవరికీ గుర్తుండవు.

ఇట్లు,
పెళ్ళికూతురి అమ్మమ్మ

తా.క.: వెళ్తూ వెళ్తూ మీ డ్రైవరు పూలతో "హాయిగా పడుకోండమ్మా" అన్నాడు. మీ దుకాణంలో అందరూ ఇంతేనా?

* * *

సోమవారం సాయంత్రం

అమ్మమ్మగారికి నమస్కారాలతో,

కంగారు పడకండి. కావాలనే మొగ్గలు తెచ్చాం. ఏటవాలుగా కోస్తే కాడ బకెట్ అడుగుకు అతుక్కోదు, నీళ్ళు బాగా తాగుతుంది. నీళ్ళలో మునిగిన ఆకు కుళ్ళుతుంది, అందుకే దూసేశాం. కాగితాలు మెడలు వాలకుండా. గది చల్లగా ఉంటే గురువారం పొద్దుటికి చక్కగా విచ్చుకుంటాయి. ఏ రెండో మూడో తలవాలిస్తే కాసేపు గోరువెచ్చని నీళ్ళలో నిలబెట్టండి, లేస్తాయి. దయచేసి ఆ గదిలో పళ్ళు పెట్టకండి.

మీ విధేయుడు,
పూలదుకాణం

తా.క.: డ్రైవరు మా బావ. పూలతోనే మాట్లాడతాడు. ఇంట్లో నోరు విప్పడని మా అక్క గోల.

* * *

మంగళవారం

పూలదుకాణం యజమానికి,

పళ్ళు పెట్టవద్దన్నారు. అర్థమైంది. మీ బావగారికి పళ్ళంటే చాపల్యమని నేరుగా రాస్తే పోయేదిగా, ఇందులో దాపరికమెందుకు? ఆయనకు విడిగా ఒక బుట్ట పంపాను. పెళ్ళివారి పళ్ళన్నీ ఆ గదిలోనే పెట్టి తాళం వేశాను.

మూడు పూలు తలవాల్చాయి. గోరువెచ్చని నీళ్ళు పెట్టాను. అయితే ఆ మూడింటినే గారాబం చేసి మిగతావాటిని చలిలో వదిలేయడానికి మనసొప్పలేదు. ఈ ఇంట్లో నలుగురు పిల్లలు పెరిగారు, ఎవరినీ వేరుగా చూడలేదు. అన్ని బకెట్లకూ పెట్టాను. చల్లారినప్పుడల్లా మారుస్తున్నాను.

ఇట్లు,
పెళ్ళికూతురి అమ్మమ్మ

తా.క.: ఇప్పుడిప్పుడే ఒళ్ళు విరుచుకుంటున్నాయి. గట్టిగా చెప్పేవాళ్ళుంటే ఎవరైనా వింటారు.

* * *

మంగళవారమే

అమ్మమ్మగారూ,

నమస్కారం పెట్టే తీరిక కూడా లేదు. ఆ నీళ్ళు ఆపండి! పళ్ళు బయట పెట్టండి! పళ్ళు మాగుతుంటే ఆ గాలికి పూలు తొందరగా ముసలివైపోతాయి. అందుకే వద్దన్నాను, మా బావ గురించి కాదు. వెచ్చదనానికి రేపే విచ్చుకుంటాయి, ఎల్లుండికి రేకులు రాలతాయి. ఇక్కడి బజారులో తెల్లగులాబీలు శుక్రవారందాకా రావట. రేపు చుట్టుపక్కల బజార్లన్నీ తిరిగి సాయంత్రానికి వస్తాను. అప్పుడు ఎంతైనా తిట్టండి.

మీ పూలదుకాణం

తా.క.: బుట్ట అందింది. ఖాళీగా. మా బావను అనుమానించడంలో నేనే ఆలస్యం.

* * *

బుధవారం

నాయనా,

వెతకడం ఆపు. నువ్వు ఏ బజారులో ఉన్నా ఈ ఉత్తరం అందించమని మీ బావకు చెప్పాను.

పొద్దున తలుపు తీసేసరికి గదంతా తెల్లగా ఉంది. ఒక్కటి మిగలకుండా విచ్చుకున్నాయి. మనవరాలు వెనకే వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. నా నిర్వాకమేనని చెప్పాను.

"ఇవి రేపటిదాకా ఆగవా అమ్మమ్మా?"

"ఆగవే."

"అయితే మనమెందుకు ఆగడం?"

రెండువైపుల వాళ్ళూ ఊళ్ళో దిగే ఉన్నారు. పెళ్ళి జరిపించే పెద్దాయన పేపరు చదువుతూ దొరికాడు. పెళ్ళికొడుకు బట్టలు ఇంకా దర్జీ దగ్గరే ఉంటే మా పెద్దల్లుడి చొక్కా తొడిగాం. ఉంగరం పెట్టడానికి ఆ వదులు చొక్కా చేతిలోంచి వేలు వెతుక్కోవలసి వచ్చింది. మధ్యాహ్నం వెనకగదిలో, బకెట్ల మధ్యే, పెళ్ళయిపోయింది. పిల్ల అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

తను పట్టుకు నడిచిన గుత్తిని తరవాత నేను అందుకుని కాడలు తడిమాను. ఎక్కడా ముల్లు లేదు. మిగతా బకెట్లలోవీ చూశాను. ఒక్కదానికీ లేదు. నా పిల్ల చేతికి గుచ్చుకోకూడదని మీ వేళ్ళకు ఎన్ని గుచ్చుకున్నాయో! నీకూ, మీ బావకూ నా కృతజ్ఞతలు. మీ అక్కను కూడా తీసుకుని రాత్రి భోజనానికి రండి.

ఆశీస్సులతో,
అమ్మమ్మ

తా.క.: శుభలేఖ చూసుకుని రేపు జనం హాలుకు వస్తారు. ఒక రోజు ఆలస్యంగా వచ్చారని చెప్పి, ఈసారికి క్షమించి, భోజనం పెట్టి పంపిస్తాను.