ఊపిరితిత్తుల పేజీ

రమ్య బాపుకు,

ఊపిరందక నువ్వు పోయి నిన్నటికి ఏడాది. వచ్చిన చుట్టాలు వెళ్లిపోయారు. నేను మళ్లీ బీడీల చేట ఒళ్లో పెట్టుకున్నాను.

"కథలు బడిల చెప్తరు, ఇంట్ల నిజాలు సదవాలె" అంటూ నువ్వు కామారెడ్డి నుంచి తెచ్చావే, మనిషి శరీరం గురించిన పుస్తకం, దాన్ని నీ బిడ్డ రోజూ నాకు చదివి వినిపిస్తోంది. నిన్న ఊపిరితిత్తుల దాకా వచ్చింది. పొగాకు దుమ్ము అన్న మాట రాగానే ఆగి, పేజీ తిప్పేసింది.

"ఆపినవేంది?"

"ఇది మంచిగ లేదమ్మా."

"మంచియే సదువుమని మీ బాపు తేలేదు. సదువు."

చదివింది. బీడీలు చుట్టే ఇళ్లలో ఆ దుమ్ము అందరి ఊపిరితిత్తుల్లోకీ పోతుందని అందులో ఉంది. అయ్యాక, "ముందే సదివితే బాపు బతుకుతుండెనా?" అని అడిగింది.

"తెల్వదు బిడ్డా" అన్నాను.

ఇవాళ బడి నుంచి రాగానే అది వాకిట్లో చాప పరిచింది. నా చేట, ఆకు, పొగాకు అన్నీ బయట పెట్టింది. "ఇగ ఇంట్ల చుట్టకమ్మా" అంది.

నడుము లాగుతోంది. బయట వెలుగు కూడా చాలదు. అయినా అక్కడే కూర్చున్నాను. వినాల్సిన పేజీలు ఇంకా చాలా ఉన్నాయి.